తల్పగిరి ఊళ్లో ఒక రోజు

ప్రశ్న: మాది ఒంగోలు. రథసప్తమి మర్నాడు మా బంధువులం తొమ్మిది మందిమి గోవింద మాల వేసుకుని కాలినడకన తిరుమలకు బయలుదేరుతున్నాం. ఇది మా అమ్మ మొక్కు. ఆమెకు 56 ఏళ్లు, ఎనిమిదేళ్లుగా షుగరుకు మాత్రలు వాడుతోంది. దారిలో నెల్లూరులో ఒక రోజు పూర్తిగా ఆగుదామని నేనన్నాను. మా మామయ్య ఇప్పటికి మూడుసార్లు నడిచి వెళ్లివచ్చారు, బృందానికి ఆయనే పెద్ద. మాల వేసుకుని గడప దాటాక కొండ చేరేదాకా ఆగకూడదని, ఆగితే మొక్కు చెడుతుందని, చెప్పులు కూడా వేసుకోకూడదని ఆయన అంటున్నారు. పైగా పన్నెండో రోజుకు మూడువందల రూపాయల దర్శనం టికెట్లు తీసేసుకున్నాం. పిన్నీవాళ్లేమో, ఆగేటట్లయితే ఆటో మాట్లాడుకుని జొన్నవాడ, నరసింహకొండ చూసి వద్దామంటున్నారు. మాలలో ఉండగా శివాలయానికి వెళ్లవచ్చా, దారిలో శ్రీకాళహస్తి దర్శనం చేసుకోవచ్చా అన్నది కూడా తేలలేదు. ఏం చేయమంటారు?

సమాధానం: బాబూ, నా మాట ముందే చెప్పేస్తాను, కారణాలు తర్వాత. ఆగండి. నెల్లూరులోనే ఆగండి. మధ్యాహ్నం కాసేపు పడుకుని సాయంత్రం మళ్లీ నడక మొదలుపెట్టడాన్ని ఆగడం అనరు. రెండు రాత్రులు ఒకే కప్పు కింద నిద్రపోవాలి. వాటి మధ్య పగలంతా కాళ్లకు పని చెప్పకుండా ఉండాలి. అది మీ అమ్మగారికి ఎంత అవసరమో, మూడుసార్లు నడిచిన మీ మామయ్యగారికీ అంతే అవసరం.

నేను కావలిలో పుట్టి నెల్లూరు రంగనాయకులపేటకు కోడలిగా వచ్చినదాన్ని. తిరుమలకు నడవడానికి నాలుగుసార్లు బయలుదేరాను, మూడుసార్లు చేరాను. చేరని ఆ ఒక్కసారి గురించే మీకు చెప్పాలి. అది నా మొదటి యాత్ర. పుట్టింటి నుంచి బయలుదేరాం. మూడో రోజు పొద్దెక్కేసరికి పెన్న వంతెన దాటాం. అప్పటికే ఎడమ మడమ కింద రూపాయి బిళ్లంత బొబ్బ లేచింది. మా ఇల్లు అక్కడికి దగ్గరే. మా బృందంలోని పెద్దాయన కూడా మీ మామయ్యగారి మాటే అన్నారు. మాలతో ఉండగా ఇంటి ముఖం చూడకూడదన్నారు, ఆగకూడదన్నారు. మా అత్తగారు వీధి చివరికి మజ్జిగ చెంబు పట్టుకుని వస్తే, నిలబడే తాగి, ఆవిడ కళ్లలోకి చూడకుండా నడిచిపోయాను. మనుబోలు దాటేసరికి బొబ్బ చితికింది. గూడూరులో గుడ్డ చుట్టుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. నాయుడుపేట చేరేసరికి చలిజ్వరం వచ్చింది, గజ్జల్లో బిళ్లలు కట్టాయి. నన్ను బస్సు ఎక్కించి వెనక్కి పంపారు. తొమ్మిది రోజులు సూదిమందు తీసుకున్నాను. మావాళ్లు కొండెక్కిన రోజు తెల్లవారుజామున మంచం మీద పడుకుని, గుడి మైకులో సుప్రభాతం వింటూ ఏడ్చాను. ఆగితే మొక్కు చెడుతుందన్న భయంతో ఆగలేదు. ఆ ఏడు నా మొక్కు తీరకపోవడానికి కారణం సరిగ్గా అదే.

ముందు మీ అమ్మగారిని ఒక ప్రశ్న అడగండి. స్వామికి ఆవిడ ఏ మాటలతో మొక్కుకున్నారు? "నడిచి నీ కొండకు వస్తాను" అనే అని ఉంటారు. ఇన్ని రోజుల్లో వస్తాననో, ఆగకుండా వస్తాననో ఏ తల్లీ మొక్కుకోదు. మొక్కులో లేని షరతును మనం తెచ్చి కలపడం ఎందుకు? నడిచే మనిషి ఆగే చోటుకు మన భాషలో మజిలీ అనే మాట ఎంత పాతదో చూడండి. యాత్ర అంటే మజిలీల వరుస. 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్యగారు తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబరులో. వెంట పెద్ద పరివారం ఉంది, ఆయన పల్లకీలో వెళ్లగలిగినవారు. అయినా ఊరూరా ఆగారు, జ్వరాలొస్తే ఆగారు, వానలకు ఆగారు. ఆ యాత్రను ఎవరూ తక్కువ చేసి చెప్పుకోలేదు. మన దారులన్నింటా సత్రాలు కట్టించిన పెద్దలు యాత్రికుడు ఆగుతాడని తెలిసే కట్టించారు.

కానీ మీ ఉత్తరంలో నాకు అసలు చిక్కుగా కనిపించింది మొక్కు కాదు, టికెట్టు తేదీ. పన్నెండో రోజు దర్శనం అని ముందే రాసి పెట్టుకున్నారు. ఇక ఏ కాలు వాచినా, ఎవరికి జ్వరం వచ్చినా ఆ తేదీ వెనక నుంచి తరుముతూనే ఉంటుంది. బహుశా మీ మామయ్యగారి పట్టుదలలో సగం ఆ తేదీ గురించిన బెంగే అయి ఉంటుంది. బృందానికి పెద్దగా ఉన్న మనిషి తొమ్మిది మందినీ వేళకు చేర్చాలి కదా. అందుకని ఒక్క రోజు ముందు బయలుదేరండి. రథసప్తమి మర్నాడు కాకుండా రథసప్తమి నాడే. సూర్యుడి రథం కదిలే రోజు. తెల్లవారకముందే తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేసి, చిక్కుడాకుల్లో పాయసం నైవేద్యం పెట్టి, ఆ ప్రసాదం తిని గడప దాటండి. ఇంతకంటే మంచి ముహూర్తం మీ మామయ్యగారు కూడా చూపించలేరు. మొదటి రోజు కాస్త ఆలస్యంగా బయలుదేరతారు కనుక టంగుటూరు దాకా నడిస్తే చాలు, సుమారు ఇరవై కిలోమీటర్లు.

నెల్లూరే ఎందుకు? ఒంగోలు నుంచి నెల్లూరుకు సుమారు నూట ఇరవై కిలోమీటర్లు, నెల్లూరు నుంచి తిరుపతికి సుమారు నూట ముప్పై అయిదు. రోజుకు పాతిక చొప్పున నడిస్తే అయిదో రోజు సాయంత్రం నెల్లూరు చేరతారు. సగం దారి. సింగరాయకొండలో ఆగుదామని ఎవరైనా అనవచ్చు. వరాహ లక్ష్మీనరసింహస్వామికి దణ్ణం పెట్టుకోండి, కానీ అది రెండో రోజే వస్తుంది. అప్పటికి పాదాలు ఇంకా నిజం చెప్పవు. నా అనుభవంలో బొబ్బలు రెండో రోజుకో మూడో రోజుకో తేలతాయి. మడమ వెనక నరం, ముంగాలి ఎముక పక్కన సలుపు నాలుగు, అయిదు రోజులకు బయటపడతాయి. నెల్లూరు చేరే వేళకు ఎవరి కాలు ఏమంటోందో స్పష్టంగా తెలుస్తుంది, మందుల షాపులు, డాక్టర్లు అందుబాటులో ఉంటారు. శ్రీకాళహస్తి దాకా ఓర్చుకుని అక్కడ ఆగితే చాలా ఆలస్యమైపోతుంది. ఆఖర్న అలిపిరి దారిలో 3,550 మెట్లు ఉన్నాయి. ఆ మెట్ల కోసం మోకాళ్లను ఇక్కడ నుంచే దాచిపెట్టుకోవాలి.

ఇక ఆ సాయంత్రం సంగతి. గది చేరగానే, స్నానాలకు ముందే, అందరినీ కూర్చోబెట్టి పాదాలు చూడండి. మీరే టార్చి పట్టుకుని చూడండి. "నాకేం లేదు" అన్నవారివి ముందు చూడండి. వేళ్ల సందులు, మడమ అంచులు, గోళ్ల చుట్టూ. చిన్న బొబ్బ నొప్పి పెట్టకపోతే దాని జోలికి పోవద్దు. పెద్దదై, బిగిసి, అడుగు వేయనీయకపోతే సబ్బుతో కడిగి, స్పిరిటుతో తుడిచిన కొత్త సూదితో అంచున గుచ్చి నీరు పోనివ్వండి. పైచర్మం మాత్రం ఒలవకండి. కింది లేత చర్మానికి అంతకు మించిన కట్టు లేదు. దాని మీద శుభ్రమైన గాజుగుడ్డ వేయండి. నడిచేవారిలో ఒక పాత అలవాటు ఉంది, సూదితో దారం గుచ్చి ఆ దారాన్ని బొబ్బలోనే వదిలేస్తారు. ఆ దారం వెంటే చీము దారి చేసుకుంటుంది, అది చేయనివ్వకండి. పసుపు, ఆకుపసరు, టూత్‌పేస్టు ఏదీ పూయవద్దు. చుట్టూ ఎర్రబడి ఆ ఎరుపు పైకి పాకుతున్నా, చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పెడుతున్నా ఆ రాత్రే డాక్టరు దగ్గరికి వెళ్లండి, తెల్లారేదాకా చూడకండి.

మీ అమ్మగారికి మాత్రం ఇంటి వైద్యం ఏదీ వద్దు. సూది కూడా వద్దు. షుగరు ఏళ్ల తరబడి ఉన్నవారికి పాదంలో స్పర్శ తగ్గుతుంది. చిన్న రాయి గుచ్చుకున్నా, తారు రోడ్డు కాలినా తెలియదు. తెలిసేసరికి పుండు పడుతుంది, అది త్వరగా మానదు. కాబట్టి చెప్పుల విషయంలో నేను ఏమాత్రం తగ్గను. మీ అమ్మగారు బూట్లు వేసుకునే నడవాలి. కనీసం నెల రోజులు వేసి మెత్తబడినవి, వేళ్ల దగ్గర కొంచెం వదులుగా ఉన్నవి, లోపల పొడి మేజోళ్లతో. గుడి ముందు విప్పండి, అలిపిరి పాదాల మండపం దగ్గర విప్పండి. వందల కిలోమీటర్ల హైవే మీద మాత్రం విప్పవద్దు. వేణ్నీళ్లలో కాళ్లు పెట్టుకోమని ఎవరైనా సలహా ఇస్తారు. స్పర్శ తక్కువైన పాదం కాలిపోయినా తెలియదు, అందుకని అదీ వద్దు.

ఇంకొక ముఖ్యమైన సంగతి ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. రోజుకు పాతిక కిలోమీటర్లు నడిచే రోజున షుగరు బాగా పడిపోవచ్చు. కదలకుండా ఉన్న విశ్రాంతి రోజున అదే మోతాదుకు పెరగనూ వచ్చు. బయలుదేరే ముందే డాక్టరును రెండు ప్రశ్నలు అడగండి: నడిచే రోజుల్లో మాత్ర ఎంత, ఆగిన రోజున ఎంత? కాగితం మీద రాయించుకోండి. చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడితే వెంటనే ఇవ్వడానికి గ్లూకోజు పొడి గానీ పంచదార గానీ మీ జేబులో ఉండాలి. అమ్మ సంచిలో కాదు, మీ జేబులో.

నొప్పి మాత్రల గురించి రెండు మాటలు. దారిలో దుకాణం కనిపించిన చోటల్లా కొని మింగుతూ నడవడం నేను చూశాను. ఎండలో నీళ్లు తగ్గిన ఒంటికి, అందులోనూ షుగరు ఉన్నవారికి, ఆ మాత్రల్లో చాలావాటి వల్ల మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉంది. పైగా విశ్రాంతి రోజున నొప్పి ఎక్కడుందో తెలియాలి, దాన్ని మాత్రతో కప్పేస్తే మర్నాడు రోడ్డు మీద తెలుస్తుంది.

పెన్న స్నానం అని పెద్దలు తప్పకుండా అంటారు. నాకూ పెన్న అంటే ప్రాణం. కానీ చిట్లిన బొబ్బలతో నది నీళ్లలో దిగకండి. చెంబుతో తెచ్చుకుని తలమీద చల్లుకోండి, పాదాలు పొడిగా ఉంచండి. మాఘంలో నీరు ఎలాగూ పలచగా ఉంటుంది, ఇసుకే ఎక్కువ కనిపిస్తుంది. వంతెన మీద నుంచి ఆ ఇసుక మీద పొద్దు వాలడం చూస్తూ రండి. అయిదు రోజుల అలసట అక్కడే కాస్త దిగుతుంది.

మర్నాడు పొద్దున ఎవరినీ లేపకండి. ఎంతసేపు పడుకుంటే అంతసేపు పడుకోనివ్వండి. లేవగానే బట్టలూ మేజోళ్లూ ఉతికి ఆరేయండి. చెమ్మ మేజోడు మళ్లీ బొబ్బ తెస్తుంది కాబట్టి సాయంత్రానికి కరకరలాడేలా ఎండాలి. అలాగని రోజంతా మంచానికి అతుక్కుపోతే కాళ్లు బిగుసుకుపోతాయి. పొద్దున ఒక ఇరవై నిమిషాలు, సాయంత్రం ఒక ఇరవై నిమిషాలు, మెత్తటి చెప్పులతో, మాట్లాడుకుంటూ నడవండి. మధ్యాహ్నం గోడకు కాళ్లు ఆనించి పడుకోండి. ఇడ్లీ, పెరుగన్నం, మజ్జిగ, రాగిజావ. నెల్లూరు కారం దోసె తినకుండా వెళ్లమని నేను చెప్పలేను, మాలలో ఉన్నవారి నియమానికి సరిపడే చోట, పొద్దునపూట, ఒక్కటి తినండి.

ఇప్పుడు దేవుడి సంగతి. ఈ ఊరికి పెద్ద దేవుడు తల్పగిరి రంగనాథుడు. తల్పం అంటే పడక. ఆదిశేషుడే ఇక్కడ కొండగా మారి స్వామికి పడక అయ్యాడని స్థలపురాణం. తిరుమలలో స్వామి నిలబడి ఉంటాడు, మా రంగనాయకులపేటలో పవళించి ఉంటాడు. మొదటి యాత్రలో వెనక్కి వచ్చాక, కాలు మానిన తర్వాత నేను మొదట వెళ్లింది ఆయన దగ్గరికే. ఆ ఊరిదాన్నే, ఎన్నోసార్లు చూసినదాన్నే. అయినా ఆ రోజు శేషుడి మీద చేయి తలకింద పెట్టుకుని పడుకున్న స్వామిని చూస్తుంటే, ఇన్నాళ్లూ ఈయన నాకు ఏం చెబుతున్నాడో నేను వినలేదనిపించింది. నిలబడిన స్వామిని చూడటానికి పరుగెత్తుతూ, పడుకున్న స్వామి గుమ్మం ముందు నుంచి కుంటుకుంటూ వెళ్లిపోయాను. తర్వాతి మూడు యాత్రల్లోనూ ఒక నిండు రోజు అక్కడ ఆగాను. మీ మామయ్యగారికి ఈ మాట చెప్పి చూడండి. నారాయణుడే పడుకున్న ఊళ్లో నారాయణుడి భక్తుడు ఒక రోజు పడుకుంటే దోషం ఎలా అవుతుంది?

గుడికి సాయంత్రం వెళ్లండి, ఎండ తగ్గాక. అద్దాల మండపం చూడండి. తర్వాత పెన్న గాలి తగిలేచోట కూర్చోండి. గోవింద నామాలు అక్కడ చెప్పుకోండి. తొమ్మిది మంది గొంతులు చాలు. ఆ రోజుకు యాత్ర అదే.

శివాలయానికి వెళ్లవచ్చా అని అడిగారు. మూలాపేటలో మూలస్థానేశ్వరస్వామి ఉన్నాడు. నెల్లి చెట్టు, అంటే ఉసిరి చెట్టు కింద లింగం వెలిసిందని, అందువల్లే ఈ ఊరికి నెల్లూరనే పేరు వచ్చిందని ఒక కథ. వరి పండే ఊరు కనుక ఆ పేరని ఇంకొందరంటారు. మాలలో ఉన్నవారు శివుడి దగ్గరికి వెళ్లవచ్చా లేదా అన్న ప్రశ్నకు ఈ ఊరే ఏడు వందల ఏళ్ల కిందట జవాబు చెప్పింది. మనుమసిద్ధి రాజు దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన సోమయాజి భారతాన్ని తెలుగు చేసి హరిహరనాథుడికి అంకితమిచ్చారు. హరిగా, హరుడిగా విడదీయకుండా ఒక్కడిగా చూసిన స్వామికి. వెళ్లండి, కళ్లకద్దుకుని రండి.

తిక్కనగారి మాట వచ్చింది కనుక ఇంకొక సంగతి. నన్నయగారు అరణ్యపర్వం మధ్యలో ఆపిన భారతాన్ని అందుకున్నప్పుడు, ఆయన ఆ మిగిలిన అరణ్యపర్వాన్ని వదిలి విరాటపర్వం నుంచి మొదలుపెట్టి పదిహేను పర్వాలు రాశారు. మిగిలిన భాగాన్ని తర్వాతి శతాబ్దంలో పూర్తిచేసింది మీ వైపు అద్దంకి రెడ్డిరాజుల ఆస్థానంలోని ఎర్రనగారు. విరాటపర్వం అంటే ఏమిటి? పన్నెండేళ్లు అడవుల్లో తిరిగిన పాండవులు ఒక ఊళ్లో ఆగిన ఏడాది కథ. వాళ్లు విశ్రాంతిగా లేరు, పరుల ఇంట పనులు చేస్తూ దాగి ఉన్నారు, అది నాకు తెలుసు. అయినా నెల్లూరులో పుట్టిన భారతం నడకతో కాక ఒక మజిలీతో మొదలైందని తలచుకుంటే నాకు సంతోషంగా ఉంటుంది. సాయంత్రం గదిలో పిల్లలెవరైనా ఉంటే ఆ కథ చెప్పండి.

మూలాపేట వెళితే వేణుగోపాలస్వామి గుడి ముందు కూడా ఒక్క నిమిషం నిలబడండి. 1946లో దళితులను ఆ గుడిలోకి రానివ్వాలని పొట్టి శ్రీరాములుగారు నిరాహార దీక్ష చేశారు, ఆ ప్రవేశం సాధించారు. ఆరేళ్ల తర్వాత ఆంధ్ర రాష్ట్రం కోసం ఆయన ప్రాణాలిచ్చిన దీక్ష అందరికీ తెలుసు, ఈ దీక్ష చాలామందికి తెలియదు. మెడలో దీక్షామాలతో నడిచేవారికి ఆయన దీక్ష గుర్తుండాలని నా కోరిక.

ఈ మూడు గుళ్లూ ఊళ్లోవే. ఆటోలో తిరిగినా రెండు గంటల పని. మీ పిన్నిగారు అంటున్న జొన్నవాడ, నరసింహకొండ మాత్రం వద్దు. రెండూ పన్నెండు, పదిహేను కిలోమీటర్ల దూరమే. దూరం కాదు అసలు ఇబ్బంది. గుడి ముందు నిలబడటం, కొండ మీద తిరగడం, ఎండలో ఆటో కుదుపులు, వేళ తప్పిన భోజనం, ఇవన్నీ కలిస్తే విశ్రాంతి రోజు నడిచిన రోజుకంటే బరువవుతుంది. నేను చూసిన బృందాల్లో ఎక్కువ మంది చేసిన పొరపాటు ఇదే. పైగా కామాక్షమ్మ దగ్గరికి అరగంట కోసం వెళ్లడం ఏమిటి? జొన్నవాడలో రాత్రి నిద్ర చేయడం మా వైపు ఆచారం. తిరుగు ప్రయాణంలో దిగి, ఒక రాత్రి అక్కడ పడుకుని, తెల్లవారి నరసింహకొండకు వెళ్లి ఒంగోలు చేరుకోండి. పిన్నిగారికి నా తరఫున ఈ మాట చెప్పండి.

ఆటో ఎక్కితే నడక తెగినట్లు కాదా అని మామయ్యగారు అడగవచ్చు. నడిచేవారు పాటించే పద్ధతి ఒకటుంది. మీరు ఎక్కడ నడక ఆపారో ఆ చోటు గుర్తుపెట్టుకోండి, ఒక దుకాణమో, మైలురాయో. మళ్లీ నడక సరిగ్గా అక్కడి నుంచే మొదలుపెట్టండి. దారిలో ఒక్క అడుగు కూడా వాహనం మీద దాటనట్లే. ఊళ్లో గుడికి వెళ్లి రావడం ఆ లెక్కలోకి రాదు.

శ్రీకాళహస్తి సంగతి వేరు. కాళహస్తీశ్వరుడిని చూశాక ఇంకే గుడికీ వెళ్లకుండా ఇంటికి చేరాలన్నది మన ఇళ్లలో గట్టిగా ఉన్న ఆచారం. అందుకే తిరుపతి వెళ్లినవారు దాన్ని చివరకు పెట్టుకుంటారు. మీ ఇంట్లో ఆ ఆచారం ఉంటే, నడిచి వెళ్లేటప్పుడు ఆ ఊళ్లో పడుకోండి, గోపురానికి దణ్ణం పెట్టుకుని ముందుకు సాగండి, దర్శనం తిరుగుదారిలో చేసుకోండి. కానీ అలా చేస్తే జొన్నవాడ ఇంకొకసారికి పెట్టుకోవాలి. రెండింటిలో ఏది అన్నది మీ అమ్మగారు తేల్చాలి, మొక్కు ఆవిడది.

మామయ్యగారితో వాదించవద్దు. ఆయన మూడుసార్లు నడిచిన మనిషి, ఆయన పట్టు వెనక భక్తి ఉంది. ఒంటరిగా ఉన్నప్పుడు పక్కన కూర్చుని, "మామయ్యా, అమ్మ పాదాలకు స్పర్శ తక్కువ, నాకు భయంగా ఉంది" అని చెప్పండి. చెల్లెలి విషయం అది. తర్వాత, ఆ రోజు ఎలా గడవాలో ఆయనకే అప్పగించండి. ఏ వేళకు లేవాలి, గుడికి ఎప్పుడు, నామాలు ఎవరు ఎత్తుకోవాలి, భోజనం ఎక్కడ, అన్నీ ఆయనే చెప్పాలి. ఏమీ చేయని రోజుగా కనిపిస్తే ఆయన ఒప్పుకోరు. పూజ ఉన్న రోజుగా ఆయన చేతిలో పెడితే ఒప్పుకుంటారని నా నమ్మకం. అప్పటికీ ఒప్పుకోకపోతే మీరూ అమ్మా ఆగండి, మిగిలినవారిని సాగనివ్వండి. అలిపిరి దగ్గర కలుసుకుంటారు. చీలిపోవడం బాధే, నేను కాదనను. నాయుడుపేటలో బస్సెక్కడం అంతకంటే బాధ.

గది ముందే మాట్లాడుకోండి. మాఘమాసం పెళ్లిళ్ల కాలం, మండపాలూ సత్రాలూ ఖాళీగా ఉండవు. మొహర్రం రోజుల్లో నడవాలనుకునే ఇతర పాఠకులకు కూడా ఒక మాట. స్వర్ణాల చెరువు ఒడ్డున బారాషహీద్ దర్గాలో రొట్టెల పండుగ జరిగే ఆ నాలుగైదు రోజులూ కోరిక తీరినవారు రొట్టె ఇవ్వడానికి, కోరుకునేవారు తీసుకోవడానికి అన్ని మతాలవారూ వస్తారు. ఊరంతా నిండిపోతుంది. అప్పుడు కోవూరులోనే గది చూసుకోవడం మంచిది.

విశ్రాంతి తర్వాతి రోజు జాగ్రత్త. కాళ్లు తేలికపడి అందరికీ ఉత్సాహం వస్తుంది, గూడూరు దాకా ఒక్క ఊపులో వెళదామంటారు. అది సుమారు ముప్పై ఎనిమిది కిలోమీటర్లు. వద్దు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి, ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేటట్లు రోడ్డు కుడి అంచున, వీపు మీద మెరిసే పట్టీలతో నడిచి, వెంకటాచలం దగ్గర ఆగిపోండి. పదిహేను కిలోమీటర్లు. మర్నాడు గూడూరు. అక్కడి నుంచి నాలుగు రోజుల్లో తిరుపతి. పదమూడో రోజు, అంటే ఒక రోజు ముందు బయలుదేరారు కనుక మీ టికెట్టు తేదీ నాడే, తెల్లవారుజామున అలిపిరి దగ్గర మీ అమ్మగారి బూట్లు విప్పి మీ సంచిలో పెట్టుకోండి. మొదటి మెట్టు ఎక్కే ముందు టార్చి వేసి ఆవిడ పాదాలు మరొక్కసారి చూడండి.